టర్బో సెడాన్ లీటరుకు నిజంగా ఎంతిస్తుంది? ఇంటిల్లిపాదికీ 20 చిట్కాలు

కారు కొన్నవాళ్లను మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న మైలేజీ గురించే. మామూలు పెట్రోలు కారైతే ఒక అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. టర్బో పెట్రోలు సెడాన్ కొన్నవాళ్లకు ఆ సౌకర్యం లేదు. అదే కారు సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో లీటరుకు తొమ్మిదో పదో ఇస్తుంది. మర్నాడు పొద్దున్నే విజయవాడ రోడ్డెక్కితే పద్దెనిమిది చూపిస్తుంది. రెండూ నిజాలే. ఇంత తేడా ఎందుకొస్తుందో తెలిస్తే, దాన్ని మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, హ్యుందాయ్ వెర్నా టర్బో లాంటి కుటుంబ సెడాన్లు నడిపే ఇళ్ల కోసం ఈ చిట్కాలు. కొన్ని నడిపేవాళ్లకు, కొన్ని బంకులో డబ్బులు కట్టేవాళ్లకు.

1. కంపెనీ అంకెతో పోల్చుకుని దిగులు పడకండి

ఈ కార్లకు కంపెనీలు చెప్పే మైలేజీ ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను బట్టి 18 నుంచి 20 ప్రాంతంలో ఉంటుంది. అది అబద్ధం కాదు, కాకపోతే మన రోడ్డు మీద తీసిన అంకె కాదు. కారును ల్యాబ్‌లో రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, సుమారు ఇరవై నిమిషాల పాటు ముందే రాసిపెట్టిన పద్ధతిలో నడిపి కొలుస్తారు. అందులో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. స్పీడ్ బ్రేకర్లు, ఎదురుగాలి, వెనక సీట్లో ముగ్గురు, మే నెల ఎండ ఇవేవీ అక్కడ ఉండవు. రెండు కార్లను పోల్చి కొనడానికి ఆ అంకె పనికొస్తుంది. నెల బడ్జెట్ వేసుకోవడానికి మాత్రం ఊళ్లో 9 నుంచి 13, హైవే మీద 15 నుంచి 20 అని లెక్కేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటారు.

2. టర్బో ఎప్పుడు ఎక్కువ తాగుతుందో తెలుసుకోండి

పొగగొట్టం వైపు పోయే వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతూ, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోస్తుంది. గాలి ఎక్కువ వస్తే దానికి తగ్గట్టు పెట్రోలూ ఎక్కువ పడాలి. యాక్సిలరేటర్‌ను మెల్లగా నొక్కినంతసేపూ మీ దగ్గరున్నది పొదుపైన చిన్న ఇంజన్. గట్టిగా నొక్కితే అదే ఇంజన్ పెద్ద ఇంజన్‌లా లాగుతుంది, పెద్ద ఇంజన్‌లాగే తాగుతుంది. వెర్నాలో టర్బో లేని 1.5 లీటర్ల ఇంజన్ ఇచ్చే టార్క్ సుమారు 144 న్యూటన్ మీటర్లు, అదీ 4,500 ఆర్‌పీఎం దగ్గర. స్లావియా, వర్టస్‌లలోని లీటరు టర్బో 1,750 ఆర్‌పీఎం నుంచే 178 ఇస్తుంది. ఆ బలం కాలి కిందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి దుబారా కూడా అంతే సులువు. కింది చిట్కాల్లో చాలావాటికి మూలం ఇదే.

3. మైలేజీని బంకులో కొలవండి, మీటర్‌లో కాదు

డ్యాష్‌బోర్డు తెర మీద కనిపించే సగటు చాలా కార్లలో అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. నమ్మదగిన పద్ధతి పాతదే. బంకులో ఆటో కట్ అయ్యేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర మళ్లీ ఆటో కట్ దాకా నింపించండి. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ మైలేజీ. ఉదాహరణకు 420 కిలోమీటర్లు తిరిగాక 33 లీటర్లు పడితే 12.7 వచ్చినట్టు. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పొద్దు. వరసగా మూడు నాలుగు ట్యాంకుల మొత్తం కిలోమీటర్లు, మొత్తం లీటర్లు తీసుకుంటే లెక్క నిలకడగా ఉంటుంది.

4. ఆటో కట్ తర్వాత ‘రౌండ్ ఫిగర్’ చేయించకండి

నాజిల్ దానంతటదే ఆగాక ఇంకో ముప్పై రూపాయలకు కొట్టమంటే రెండు నష్టాలు. మైలేజీ లెక్క తప్పుతుంది. పైగా ట్యాంకులో పుట్టే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు చేరి దాన్ని పాడుచేయవచ్చు. చిల్లర సమస్య యూపీఐకి వదిలేయండి.

5. ఊరి లెక్క, హైవే లెక్క విడిగా రాయండి

ఊళ్లో 10, హైవే మీద 20 ఇస్తే సగటు 15 అనుకుంటాం. వంద కిలోమీటర్లు ఊళ్లో తిరిగితే 10 లీటర్లు, వంద హైవే మీద తిరిగితే 5 లీటర్లు అవుతాయి. 200 కిలోమీటర్లకు 15 లీటర్లంటే సగటు 13.3 మాత్రమే.

ఈ లెక్కలోనే ఇంకో కిటుకు ఉంది. హైవే మీద 18ని 20 చేయగలిగితే వంద కిలోమీటర్లకు అర లీటరు పైచిలుకు మిగులుతుంది. ఊళ్లో 10ని 12 చేస్తే లీటరున్నర పైనే, అంటే మూడు రెట్లు మిగులుతుంది. రెండు చోట్లా పెరిగింది రెండే కదా అనిపిస్తుంది కానీ, డబ్బు మిగిలేది ఊళ్లోనే. కాబట్టి శ్రద్ధంతా అక్కడ పెట్టండి.

6. సిగ్నల్ పడగానే దూకకండి, మరీ పాకకండి

పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ మీద కాలేసి తొక్కితే టర్బో పూర్తి ఒత్తిడికి వెళ్తుంది. యాభై మీటర్ల తర్వాత మళ్లీ బ్రేకే కదా! అలాగని ఎద్దుబండిలా సాగదీస్తే చిన్న గేర్లలో ఎక్కువసేపు ఉండిపోతారు. పెడల్‌ను మూడో వంతు మించి నొక్కకుండా, ముల్లు 2,000 ఆర్‌పీఎం అటూఇటూ ఉండేలా వేగం అందుకుని, వెంటనే పై గేరుకు మారండి. ఆటోమేటిక్ అయితే వేగం అందాక కాలు కాస్త సడలిస్తే చాలు, అదే పై గేరు వేసుకుంటుంది. స్పోర్ట్ మోడ్‌ను ఊళ్లో ముట్టుకోకపోవడమే మంచిది.

7. పెద్ద గేరులో ఈడ్పించకండి

పై గేరులో ఉంటే పెట్రోలు తక్కువన్న మాట నిజమే, కానీ సమంగా పోతున్నప్పుడు మాత్రమే. నాలుగో గేరులో 1,200 ఆర్‌పీఎం దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతూ పెడల్‌ను అడుగంటా తొక్కితే ఇంజన్ వణుకుతుంది. సిలిండర్‌లో మిశ్రమం స్పార్క్ కంటే ముందే అంటుకునే ప్రమాదం చిన్న టర్బో ఇంజన్లకు ఇలాంటప్పుడే ఎక్కువ. మరమ్మతు ఖర్చు ముందు మిగిల్చిన పెట్రోలు ఏ మూలకూ రాదు. ఎత్తు కనపడగానే ఒక గేరు దించి, 1,800 పైన మెల్లగా లాగించండి.

8. దూరం నుంచే కాలు తీయండి, న్యూట్రల్ మాత్రం వేయకండి

దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు ఆదా అన్నది కార్బ్యురేటర్ కాలపు అలవాటు. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి కాబట్టి ఆ కాసేపు ఖర్చు సున్నా. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోయాల్సి వస్తుంది, పైగా ఇంజన్ బ్రేకింగ్ కూడా పోతుంది. రెండు వందల మీటర్ల ముందు ఎర్ర లైటు కనిపిస్తే అక్కడే కాలు తీసేయండి. బ్రేకు ఎంత తక్కువ పడితే, ముందు తాగిన పెట్రోలు అంత సద్వినియోగమైనట్టు.

9. హైవే మీద వేగానికి ధర కట్టి చూసుకోండి

గాలి అడ్డం వేగం పెరిగినట్టు పెరగదు, దాని వర్గంలా పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100కు వెళ్తే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 120కి వెళ్తే రెండుంబావు రెట్లు. సెడాన్ ఆకారం ఎస్‌యూవీ కంటే గాలిని బాగా కోస్తుంది, కానీ ఈ లెక్కను తప్పించుకోలేదు.

హైదరాబాదు నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. దారి పొడవునా 90 దగ్గర నిలకడగా వెళ్తే కారు 18 ఇస్తోందనుకుందాం. 15 లీటర్లు అవుతాయి. 120 దగ్గర అదే కారు 14కు పడిపోతే 19 లీటర్లు దాటుతాయి. లీటరు 110 రూపాయల లెక్కన పోనూ రానూ తొమ్మిది వందలకు పైగా తేడా. లెక్క ప్రకారం కలిసొచ్చే సమయం ఒక వైపుకు ముప్పావు గంట. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు, మధ్యలో టిఫిన్ అందులో సగం తినేస్తాయి. పైగా నాలుగు వరసల జాతీయ రహదారిపై కార్ల గరిష్ఠ వేగం 100 మాత్రమే. చలానా పడితే మైలేజీ లెక్క మొత్తం తలకిందులు.

10. ఖాళీ రోడ్డు మీద క్రూజ్ కంట్రోల్, ఎత్తుపల్లాల్లో మీ పాదం

ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చదును దారిలో క్రూజ్ కంట్రోల్ వేగాన్ని నిలకడగా ఉంచుతుంది, తెలియకుండా పెరిగే పదీ పదిహేను కిలోమీటర్లను ఆపుతుంది. ఎత్తుపల్లాల రోడ్డు మీద మాత్రం అది కాస్త తగ్గినా ఫర్వాలేని చోట కూడా వేగం కోసం గట్టిగా లాగుతుంది. అక్కడ మీరే ఎక్కేటప్పుడు కాస్త తగ్గనిచ్చి, దిగేటప్పుడు అందుకోండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.5 లీటర్ల ఇంజన్‌లో తేలికపాటి బరువు మీద నాలుగింటిలో రెండు సిలిండర్లు వాటంతటవే నిద్రపోతాయి. డ్యాష్‌బోర్డు తెర మీద ఆ గుర్తు కనిపించేలా పాదం పట్టడం నేర్చుకుంటే హైవే మైలేజీ మీద తేడా తెలుస్తుంది.

11. ఘాట్ ఎక్కేటప్పుడు తెర చూసి కంగారు పడకండి

తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఐదుగురితో కలిపి 1,600 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికే లీటరుకు పైగా పెట్రోలు పడుతుంది. దారి ఖర్చు దానికి అదనం. అంచేత తెర మీద ఏడో ఎనిమిదో కనిపిస్తే కారులో లోపం ఉన్నట్టు కాదు. దిగేటప్పుడు రెండో మూడో గేరులో, కాలు తీసేసి వస్తే దారిలో చాలా భాగం పెట్రోలు లేకుండానే గడిచిపోతుంది, బ్రేకులూ వేడెక్కవు. శ్రీశైలం ఘాట్‌కూ ఇదే సూత్రం. ఎక్కడం, దిగడం కలిపి లెక్క చూడండి.

12. ఏసీని తెలివిగా వాడండి

ఊళ్లో మెల్లగా పోతున్నప్పుడు ఇంజన్ ఇచ్చే కొద్ది బలంలో ఏసీ వాటా పెద్దది. ఎండలో నిలిపిన కారెక్కగానే అద్దాలు, తలుపులు తీసి వేడిగాలిని బయటికి పోనివ్వండి. ఒకట్రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపాక ఏసీ వేసి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. 18 మీద గడ్డకట్టించే బదులు 24 చాలు. హైవే మీద మాత్రం ఏసీ ఆపి అద్దాలు దించడం పెద్ద పొదుపేమీ కాదు, లోపలికి దూరే గాలి కారును వెనక్కి లాగుతుంది.

13. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి

ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన గానీ, పెట్రోలు మూత లోపల గానీ స్టిక్కర్ ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఇంకాస్త ఎక్కువ అని అందులోనే రాసి ఉంటుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి, యాభై కిలోమీటర్లు తిరిగొచ్చాక చూస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. నైట్రోజన్ మెల్లగా దిగుతుందంతే, దానివల్ల మైలేజీ పెరగదు. అందం కోసం వేయించిన వెడల్పు టైర్లు, పెద్ద అల్లాయ్‌లు మాత్రం మైలేజీని కచ్చితంగా తగ్గిస్తాయి.

14. డిక్కీ ఖాళీ చేయండి

ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు ఇల్లు చేరిన రోజే దించేయండి. పిల్లల క్రికెట్ కిట్, పాత టైరు, నీళ్ల క్యాన్ నెలల తరబడి ఊరేగుతుంటాయి. ఆగుతూ కదులుతూ పోయే ఊళ్లో ప్రతి కిలోనూ మళ్లీ మళ్లీ కదిలించాల్సి వస్తుంది. వాడని రోజుల్లో కారు పైన క్యారియర్ కూడా తీసేయండి.

15. చిన్న చిన్న పనుల్ని ఒక్క చుట్టులో కలపండి

చల్లటి ఇంజన్‌కు మొదటి కొద్ది నిమిషాలు పెట్రోలు ఎక్కువ కావాలి, ఆయిలూ చిక్కగా ఉంటుంది. పాల ప్యాకెట్‌కు ఒకసారి, ట్యూషన్‌కు ఒకసారి, కూరగాయలకు ఒకసారి కారు తీస్తే మూడుసార్లూ ఇంజన్ అసలు వేడెక్కదు. ఇలాంటి వాడకంలో ఏడెనిమిది వచ్చినా ఆశ్చర్యం లేదు. మూడు పనులూ ఒకే చుట్టులో చేసుకోండి, దూరం ఎక్కువున్న చోటికి ముందు వెళ్లండి. కిలోమీటరు లోపు పనికి స్కూటరో, కాళ్లో చాలు.

16. బడి గేటు ముందు ఇంజన్ ఆపండి

ఏసీతో నిలబడి ఉన్న కారు గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది, మైలేజీ మాత్రం సున్నా. నిమిషం దాటి ఆగాల్సొస్తే ఆపేయడమే లాభం. కారులో స్టార్ట్ స్టాప్ ఉంటే చికాకని ప్రతిసారీ ఆఫ్ చేయకండి. ఒక్క మినహాయింపు ఉంది. హైవే మీద వేగంగా వచ్చి, లేదా ఘాట్ ఎక్కి ఆపిన వెంటనే ఇంజన్ కట్టేయకండి. మండిపోతున్న టర్బో చల్లబడటానికి ఒక నిమిషం తిరగనివ్వండి, లేదా చివరి కిలోమీటరు మెల్లగా రండి.

17. ఈ20 వల్ల తగ్గినదాన్ని కారు మీదకు నెట్టకండి

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అంటే 10 శాతం కలిపిన పెట్రోలుతో పోలిస్తే లీటరులో శక్తి మూడు శాతానికి పైగా తక్కువ. పాత రోజుల్లో 15 ఇచ్చిన కారు ఇప్పుడు 14.5 ఇస్తే అది ఇంధనం తేడా. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ కాబట్టి ఈ20 కోసమే సరిచేసిన ఇంజన్లు కొంత వెనక్కి రాబట్టుకుంటాయి. మీ కారు ఈ20కి తగినదో కాదో మాన్యువల్‌లో గానీ, పెట్రోలు మూత దగ్గర గానీ చూసుకోండి. ఖరీదైన ప్రీమియం పెట్రోలు మాన్యువల్ అడిగితే పోయించండి. అడగకపోతే పెట్టిన డబ్బుకు సరిపడా మైలేజీ సాధారణంగా రాదు.

18. బంకులో పాత నమ్మకాలు వదిలి, హక్కులు వాడండి

తెల్లవారుజామున పోయిస్తే పెట్రోలు చిక్కగా ఉంటుందంటారు. ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, అక్కడ పగలూ రాత్రీ వేడిలో తేడా అంతంతే. 500కు బదులు 510కి కొట్టిస్తే మోసం జరగదన్నదీ ఉత్తమాటే. మీటర్ సున్నా నుంచి మొదలైందో లేదో చూడటం అసలు జాగ్రత్త. కొలత మీద అనుమానం వస్తే, ప్రతి బంకులోనూ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, దాంతో కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది. ఇంకొకటి: పెట్రోలు ధర ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ కంటే ఎక్కువ. అందుకే విజయవాడ వైపు వెళ్లేవాళ్లు కోదాడలోనే ట్యాంకు నింపుకుంటారు. దాంతో మైలేజీ పెరగదు గానీ బిల్లు తగ్గుతుంది.

19. సర్వీసులో దేనికి డబ్బు పెట్టాలో తెలుసుకోండి

టర్బో బేరింగులు బతికేది ఇంజన్ ఆయిల్ మీదే. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, గడువు దాటనివ్వకండి. అంతకన్నా చిక్కటి ఆయిల్ ‘ఎండకు మంచిద’ని ఎవరైనా చెబితే వినకండి, మైలేజీ తగ్గుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ముందు పడిపోయేది పికప్. ఆ లోటు తీర్చడానికి మీ కాలు ఇంకాస్త నొక్కుతుంది. ‘మైలేజీ పెంచే’ సీసా మందులు, తీగలు, అయస్కాంతాల జోలికి పోకండి.

20. మైలేజీ ఉన్నట్టుండి పడిపోతే వరసగా చూడండి

మీ లెక్కల పుస్తకంలో ఎప్పుడూ 12 ఉండే ఊరి మైలేజీ రెండు మూడు ట్యాంకులుగా 10 దాటడం లేదనుకోండి. ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత దారి మారిందా, కొత్తగా ట్రాఫిక్‌లో తిరుగుతున్నారా, నడిపేవాళ్లు మారారా అని ఆలోచించండి. కాసేపు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా వేడి గమనించండి. ఒకటి మాత్రం బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్ చేయించండి. ఇవన్నీ బాగుండి, ఇంజన్ లైటు వెలిగితే, విజిల్ లాంటి కొత్త శబ్దం వస్తే, పికప్ తగ్గితే అప్పుడు మెకానిక్ పని. టర్బో గొట్టాల్లో లీకు, సెన్సార్, స్పార్క్ ప్లగ్‌లు చూడమని చెప్పండి. ట్యాంకు వారీ లెక్క చేతిలో పెట్టి చెబితే సర్వీస్ సెంటర్‌లో ‘అన్నీ అంతే ఇస్తున్నాయండీ’ అని తోసిపుచ్చడం కష్టం.

ఇరవయ్యీ ఒకేసారి పట్టించుకోవడం కుదరకపోతే ఈ వారం మూడు చేయండి: ట్యాంకు నింపి ట్రిప్ మీటర్ సున్నా చేయడం, టైర్లలో గాలి సరిచూడటం, ఎర్ర లైటు కనపడగానే కాలు తీయడం. మొదటిది మీ అసలు అంకె చెబుతుంది. తక్కిన రెండూ రూపాయి ఖర్చు లేకుండా దాన్ని పెంచుతాయి. హైవే వేగాన్ని వచ్చే ప్రయాణంలో పట్టించుకోవచ్చు.